జమ్ముపిట్ట మీద ఒక గీత

పెన్సిలుతోనే రాయాలి, రబ్బరు ముట్టకూడదు. ఆ శిక్షణ కేంద్రంలో చేరినవాళ్లకు పెద్దమేడమ్ మొదటిరోజే చెప్పే మాట ఇది. తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక్క గీత గీయాలి. కింద తప్పు కనబడుతూనే ఉండాలి, పక్కన అది ఎందుకు తప్పో రాయాలి. అడవుల్లో, చిత్తడి నేలల్లో ముప్పై ఏళ్లు తిరిగిన మనిషి ఆవిడ. రబ్బరు కంటబడితే ఎవరిదని కూడా అడక్కుండా చెత్తబుట్టలో వేసేది.

చిన్నది ఏడాదిగా ఆ మాట జవదాటలేదు. ఇంట్లో అందరికంటే చిన్నది కాబట్టి ఆ పేరు పడింది, ఇరవై నాలుగేళ్లు వచ్చినా పోలేదు. అక్కకు టైలరింగు షాపు ఉంది. పిట్టల్నీ కప్పల్నీ లెక్కపెట్టే చదువు చదువుతానని చెల్లెలు అన్నరోజు, అక్క నోట్లో పెట్టుకున్న గుండుసూదులు తీసి మరీ తిట్టింది.

"పిట్టల్ని లెక్కపెడితే అవి నీకు అన్నం పెడతాయా? సరే, ఏడాది టైమిస్తున్నా. ఆలోపు ఉద్యోగం రాలేదో, నోరు మూసుకుని వచ్చి కాజాలు కుట్టు."

ఆ ఏడాది ఈ వారంతో సరి. కేంద్రంలో ఉన్నది ఒకే ఒక్క ఉద్యోగం, బడిపిల్లల్ని చిత్తడి నేలలోకి తీసుకెళ్లి పాఠం చెప్పే పని. పోటీలో మిగిలింది ఇద్దరు. రెండోవాడు రేడియో. ఫోనులో పిట్టల కూతలు మోగిస్తూ తిరుగుతాడు కాబట్టి అందరూ అలా పిలుస్తారు. పాపం మంచివాడే, కాకపోతే అతని పక్కన నిలబడితే నిజం పిట్ట గొంతు వినబడదు.

పరీక్షలో మొదటి వంతు చిన్నదానిది. పన్నెండుమంది పిల్లల్ని వెంటేసుకుని కట్ట మీద నడిచింది. వెనకాల పెద్దమేడమ్ మార్కుల కాగితంతో వస్తోంది. నాలుగో గుర్తు కర్ర దగ్గర, నీళ్లలో నిలువెత్తు పెరిగిన జమ్ము పొదల అవతలనుంచి మూడుసార్లు కూత వినబడింది. చిన్నది పిల్లలకు అటువైపు వేలు చూపించింది. అది జమ్ముపిట్ట! తొమ్మిదేళ్లుగా అక్కడ దాని జాడే లేదు. పాఠంకోసం ముందే రికార్డుకు పెట్టిన ఆమె ఫోనులో మూడు కూతలూ పడ్డాయి. పిల్లలు పుస్తకాల్లో పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. నవ్వడమంటే ఏమిటో తెలియని పెద్దమేడమ్ కళ్లు తుడుచుకుంది.

"మధ్యాహ్నమే పై ఆఫీసుకి రిపోర్టు పంపిస్తాను," అంది.

తిరిగొచ్చాక పిల్లలు బస్సెక్కుతుంటే, చిన్నది వరండాలో కూర్చుని మురిపెంగా ఆ రికార్డు మళ్లీ విన్నది. కూత వచ్చింది, దాని చివర ఎక్కడో దూరంగా కుక్క మొరిగింది. రెండో కూత చివరా అదే మొరుగు. మూడో దాని చివరా అంతే. ఏ కుక్కైనా పిట్టకు తాళం వేస్తుందా? ఆమె ఫోను జేబులో వేసుకుని లేచింది. పరుగున వెళ్లి రేడియోను పట్టుకుంది.

"ఇదా?" అని అతను తన ఫోనులో మోగించాడు. కూత, కుక్క. "మధ్యాహ్నం నా వంతు కదా, కూత గుర్తుండాలని ఇందాక జమ్ము అవతల కూర్చుని మూడుసార్లు పెట్టాను. ఏం?"

చెప్పింది. రేడియో తన ఫోను ఆపేశాడు.

"వదిలెయ్. నేనెవరికీ చెప్పను, ఒట్టు," అన్నాడు.

అతను చెప్పడని ఆమెకు తెలుసు. నోరు మెదపకపోతే ఉద్యోగం తనదేనని కూడా తెలుసు. కానీ రిపోర్టు వెళ్తే పిట్ట క్షేమంగానే ఉందని పైవాళ్లు నిశ్చింతగా ఉంటారు, దానికోసం వెతికేవాళ్లే ఉండరు. పైగా ఆ అబద్ధాన్ని పన్నెండు పుస్తకాల్లో రాయించింది తనే. ఇంతలో బస్సు కదిలింది. చిన్నది అడ్డంగా పరిగెత్తి రెండు చేతులూ చాపి ఆపింది.

"పుస్తకాలు తీయండి," అంది ఎక్కీ ఎక్కకముందే. "నేను మీకు తప్పు చెప్పాను. జమ్ముపిట్ట మీద ఒక గీత గీయండి."

"ఎంత బాగా రాశానో టీచర్, కొట్టెయ్యాలా?" అంది ముందు సీట్లో పిల్ల ఏడుపు మొహంతో.

"కొట్టెయ్యొద్దు. ఒక్కటే గీత, కింద అక్షరాలు కనబడాలి. పక్కన రాయండి, టీచర్ ఫోను కూత విని పిట్ట అనుకుంది."

బస్సంతా గొల్లుమంది. చిన్నదీ నవ్వింది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా నవ్వింది. బస్సు మెట్టు దగ్గర పెద్దమేడమ్ నిలబడి ఉంది. మొత్తం విని, మార్కుల కాగితం మడిచి పట్టుకుని వెళ్లిపోయింది.

చిన్నది అక్కకు ఫోను చేసింది. "కాజాల సూది తీసి పెట్టక్కా."

"ఏం చేశావే?" అంది అక్క. అంతా విన్నాక మిషను ఆపింది. "కుట్టు తప్పితే విప్పాలి గానీ, ఇస్త్రీ చేసి ఇచ్చేస్తామా? మంచి పని చేశావ్. అయినా సూది తీసే ఉంచుతాలే."

సాయంత్రం పెద్దమేడమ్ గదిలోకి పిలిచింది. మార్కుల కాగితం బల్ల మీద ఉంది.

"పిట్టను గుర్తుపట్టడంలో నీకు సున్నా వేశాను," అంది.

"వేయాలి మేడమ్."

"పాఠం చెప్పినందుకు మార్కులు మాత్రం బస్సు వెళ్లాక వేశాను. మొత్తం కలిపితే రేడియో కంటే అర మార్కు ఎక్కువొచ్చింది నీకు. ఎగిరి గంతెయ్యకు. రేపు పొద్దున ఐదున్నరకి నలభైమంది పిల్లలొస్తున్నారు, తీసుకెళ్లాల్సింది నువ్వే."

మర్నాడు ఆ నలభైమందీ నాలుగో గుర్తు కర్ర దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడ్డారు. రేడియో ఫోను పెద్దమేడమ్ సొరుగులో ఉంది. జమ్ము కదిలింది, నీళ్లు కదిలాయి, పిట్ట మాత్రం పలకలేదు.

"ఏం రాయాలి టీచర్?" అన్నాడొకడు నీరసంగా.

"సున్నా రాయండి. పది నిమిషాలు చెవులు రిక్కించి విన్నాం కాబట్టే ఆ సున్నా రాసే హక్కు మనకుంది," అంది చిన్నది. తన పుస్తకంలోనూ సున్నా చుట్టి, దాని కింద రేపటి తేదీ వేసి, పక్కన చోటు ఖాళీగా ఉంచింది.