పుట్టని పునీత పాట

మా గాష్పర్ ఫాదర్ గారికి తెలియని చరిత్ర ఈ కార్నియోలా నేల మీద లేదంటారు. వాన నీళ్లు కారుతుంటే కింద గిన్నె పెట్టాలని మాత్రం ఆయనకు తెలియదు. ముప్పై ఏళ్లుగా ఆయన ఇల్లు చూసుకుంటూ మొక్కజొన్న సంకటి వండిపెడుతున్నదాన్ని, నాకు తెలియదా?

మా కొండ మీద పునీత జోరా గుడి ఉంది. జోరా గొర్రెలు కాసే పిల్ల. పొంగి వస్తున్న ఏటిని నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి అడ్డం పెట్టి ఆపిందని మా పెద్దల నమ్మకం. ఏటా గడ్డి కోతలకు ముందు ఆడవాళ్లమంతా చెప్పుల్లేకుండా పాడుకుంటూ కొండెక్కేవాళ్లం. ఫాదర్ గారు మఠాల్లోని తోలు పత్రాలన్నీ తిరగేసి, అలాంటి పిల్ల అసలు పుట్టనే లేదని తేల్చారు. కొండదారిలో సుంకం దండుకోవడానికి ఒకప్పటి జమీందారు అల్లిన కథట. గుడి పెట్టెలోని ఎముక గొర్రెదట. చక్రవర్తి గారికి ఇలాంటి యాత్రలంటే మొదటి నుంచీ గిట్టదు. ఫాదర్ గారి పుస్తకం అచ్చయిన ఏడే గుడి తలుపుకు మేకులు పడ్డాయి.

ఊళ్లో ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. మా పిల్లలకు మా భాషలో అక్షరాలు దిద్దించింది ఆయనే. మశూచి వచ్చినప్పుడు గడప గడపా తిరిగిందీ ఆయనే.

వయసు మీద పడ్డాక ఆయనకు కొత్త దిగులు పట్టుకుంది. చిన్నప్పుడు వాళ్లమ్మ భుజాన ఎక్కించుకుని ఆ యాత్రకు తీసుకెళ్లేదట. కిటికీ దగ్గర కూర్చుని "ఏరమ్మా, కాస్త ఆగమ్మా" అని ఆ యాత్ర పాట ఎత్తుకుని అక్కడే ఆగిపోయేవారు.

"తర్వాత ఏమిటి నేజా?"

"మర్చిపోయాను ఫాదర్ గారూ."

"ఊళ్లో ఎవరినైనా అడుగు."

"అందరం మర్చిపోయాం. మాన్పించింది మీరేగా?"

ఆయన తల వంచుకున్నారు. "రాజుల వంశాలన్నీ రాశాను. ఆ ఒక్క ముక్క రాసుకోలేదు. పోయేలోగా ఒక్కసారి వింటే చాలు."

నేను చెప్పింది అబద్ధం. మేం ఒక్క ఏడూ యాత్ర మానలేదు. ఆయన బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పించే వేళ చూసుకుని, బడి వెనుక నుంచి నోరు మూసుకుని నడిచేవాళ్లం. మలుపు దాటాకే గొంతు విప్పేవాళ్లం. ఆయన రాతను ఆయన మొహం మీదే కాదన్నట్టు పాడితే పెద్దాయన మనసు ఏమవుతుందని, పిండిమర వాళ్ల ఉర్షా అందరి చేతా ఒట్టు వేయించింది.

మొన్న చలికాలంలో ఆయన చెవులు పూర్తిగా పోయాయి. నెత్తిమీద ఊరి గుడిగంట మోగుతున్నా తలెత్తి చూడలేదు. తిన్నగా ఉర్షా దగ్గరికి వెళ్లాను.

"ఈసారి ఆయన కిటికీ కిందే పాడదాం వదినా."

"చెవులు పోయాక పాడితే ఏం లాభమే?"

"లాభం కోసమా మనం కొండెక్కేది?"

ఉర్షా చేతుల పిండి దులుపుకుని, సరేనంది.

జోరా పండుగ పొద్దున అందరం ఆయన కిటికీ కింద నిలబడి పాట ఎత్తుకున్నాం. ఆయన మా నోళ్లు చూశారు. ఏమీ అర్థం కాలేదు. తర్వాత చెప్పుల్లేని మా పాదాలు చూశారు. కర్ర పట్టుకుని బయటికొచ్చి, మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పసాగారు.

"ఏటా వెళ్తున్నారా?"

తలూపాను.

"నేను నొచ్చుకుంటానని దాచారా?"

మళ్లీ ఊపాను.

"నేను రాసింది నిజమే నేజా. జోరా లేదు." రెండో బూటు కూడా విప్పి పక్కన పెట్టారు. "మా అమ్మ ఉంది."

దారిలో ఆయనే పాట అందుకున్నారు. మేం ఏ చరణంలో ఉన్నామో ఆయనకు వినపడదు. ఆయన మొదటికొస్తే మేమూ మాది వదిలేసి మొదటికొచ్చాం. "ఏరమ్మా, కాస్త ఆగమ్మా" అని, అలవాటుగా అక్కడే ఆగిపోయారు.

నేను ముందుకెళ్లి ఆయన ఎదుట నిలబడ్డాను. బడిలో ఆయన పిల్లలకు పలికించినట్టే, నోరు పెద్దగా తెరిచి ఆ తర్వాతి ముక్క ఒక్కొక్క మాటగా పలికాను. నా పెదాలు చూస్తూ ఆయన కూడబలుక్కున్నారు.

"అమ్మ... గుమ్మంలో... నిలుచుంది."

దారి మధ్యలో నిలబడి పెద్దాయన ఏడ్చేశారు. వెనకున్నవాళ్లెవరూ ఆయన్ని దాటి ముందుకు పోలేదు.