మోర్తెవాల్ గంటకు పేరు పెట్టిన రోజు

నార్మన్ల ఊరు మోర్తెవాల్‌లో చర్చి కట్టి ఏడు వందల ఏళ్లయింది. దాన్ని కూల్చడానికో మూక, మళ్లీ నిలబెట్టామని మీసం మెలేయడానికో మూక ఎప్పుడూ సిద్ధమే. ఇంగ్లిషువాళ్లు తగలబెట్టారు. మతం పేరు చెప్పి సొంతూరివాళ్లే సాధువుల విగ్రహాల తలలు నరికారు. విప్లవమంటూ గంటలు కరిగించి ఫిరంగులు పోశారు. చివరికి పంతొమ్మిది వందల నలభై నాలుగులో, జర్మన్ల నుంచి ఊరిని విడిపించడానికొచ్చిన విమానాలే గోపురాన్ని నేలకూల్చాయి.

ఆ రాళ్ల కింద ఒర్తాన్స్ మొగుడు ఆన్సెల్మ్ ఉండిపోయాడు. చర్చి గంట కొట్టేవాడు. ఆ రోజు అతను గంట ఆపకుండా మోగించబట్టే ఊరు నేలమాళిగల్లో దూరి బతికింది. తర్వాత వీరుల శిలాఫలకం మీద అతని పేరు వేయమని ఒర్తాన్స్ వెళ్లి అడిగితే, తుపాకీ పట్టలేదు కదా, పైగా తాగుబోతు అని కమిటీ పెద్దలు పెదవి విరిచారు. తాగని నార్మన్ ఆ కమిటీలో ఒక్కడుంటే ఒట్టు.

తర్వాత చర్చిని మళ్లీ కట్టారు. లోపల సిమెంటు పోసి, పైకి పాత రాళ్లు అతికించి, అచ్చం మునుపటిలాగే ఉందని ఒకరినొకరు మెచ్చుకున్నారు. ఇక కొత్త గంట కావాలి. దాని ఖర్చు వెన్న వ్యాపారి ఫుల్జాంస్ లకుద్రే భరించాడు. జర్మన్ దొరలకు వెన్న అమ్మినవాడూ అతనే, వాళ్లు పోగానే, జర్మన్లతో పోరాడినవాళ్ల మూడురంగుల పట్టీ అందరికంటే ముందు చేతికి కట్టుకున్నవాడూ అతనే. ఏ ఎండకా గొడుగు పట్టే రకం.

గంటకు కూడా పసిబిడ్డకు చేసినట్టే జ్ఞానస్నానం చేస్తారు. లేసు గౌను తొడిగి, జ్ఞానతండ్రినీ జ్ఞానతల్లినీ పక్కన నిలబెట్టి, పేరు పెడతారు. జ్ఞానతండ్రి ఫుల్జాంసే. గంటకు పెట్టబోయే పేరూ అదే. అతని పక్కన నిలబడమనగానే ఊళ్లో పరువుగల ఇల్లాళ్లందరికీ తలనొప్పులు వచ్చేశాయి. దాంతో ఫుల్జాంస్ టోపీ చేతపట్టుకుని ఒర్తాన్స్ గుమ్మం ఎక్కాడు.

"మీరు జ్ఞానతల్లి అయితే ఆన్సెల్మ్ ఆత్మ కూడా శాంతిస్తుందమ్మా," అన్నాడు.

"మరి గంట మీద ఆయన పేరు పోయించారా?"

"నా పేరుతో పోత పోసేశారమ్మా. ఇక మార్చలేం."

ఒర్తాన్స్‌కు చీపురు తిరగేయాలనిపించింది. పళ్లు బిగబట్టి, తను చేయాల్సిందేమిటని అడిగింది.

"ఏముందమ్మా, ఏం పేరు పెడుతున్నారని బిషప్పు గారు అడుగుతారు. నా పేరు నేనే చెప్పుకుంటే ఏం మర్యాద? మీరు చెప్పండి చాలు."

ఆమె సరేనంది. గ్లాసుడు ఆపిల్ పళ్ల సైడర్ కూడా పోసింది. ఊరి ఆడవాళ్లు మొహం మీదే ఉమ్మేసినంత పని చేశారు. మొగుణ్ణి వెన్నముద్దకు అమ్ముకుందన్నారు. ఒర్తాన్స్ నోరు విప్పలేదు. మోర్తెవాల్‌లో ఒక చెవిన పడ్డ మాట సాయంత్రానికల్లా వెన్నకొట్టు చేరుతుంది.

జ్ఞానస్నానం రోజు చర్చి కిక్కిరిసింది. మునుపు ఆన్సెల్మ్‌ను కాదన్న పెద్దలంతా ముందు వరసలో కూర్చున్నారు. లేసు గౌనులో గంట దూలానికి వేలాడుతోంది. ఉపన్యాసాలయ్యాక, ఈ గంటకు ఏం పేరు పెడుతున్నారని బిషప్పు అడిగాడు. ఫుల్జాంస్ కొత్త పెళ్లికూతురిలా తల వంచుకున్నాడు.

"ఆన్సెల్మ్," అంది ఒర్తాన్స్, చివరి బల్లకు వినబడేటట్టు.

బిషప్పు పరాయి ఊరివాడు, ఆయనకేం తెలుసు. పవిత్ర తైలంలో వేలు ముంచి, ఆ పేరే గట్టిగా పలికి గంటకు పూశాడు. ఊరంతా శిలువ గుర్తు వేసుకుంది. ఇక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరితరమూ కాదు.

"కంచు మీద నా పేరుంది కదమ్మా!" అన్నాడు ఫుల్జాంస్, గంట మీది లేసు పక్కకు లాగి చూపిస్తూ.

"ఉండనివ్వండయ్యా. అంత ఎత్తుకెక్కి చదివేదెవరు?"

మరుసటి ఆదివారం రొట్టెల కొట్టు ముందు ఒర్తాన్స్ నిలబడి ఉండగా గంట మోగింది. "ఆన్సెల్మ్ పిలుస్తున్నాడు, పదండి," అంది కమిటీ పెద్ద పెళ్లాం, పుట్టినప్పటినుంచీ ఆ మాటే అంటున్నట్టు. బతికినన్నాళ్లూ అతన్ని తాగుబోతని తిట్టిన నోరే అది. ఒర్తాన్స్‌కు ఒళ్లు మండింది. అయినా కన్నీళ్లు ఆగలేదు. రొట్టె సంగతి మరిచిపోయి, అందరికంటే ముందు చర్చి వైపు నడిచింది.