కుడికాలు

బండి వెనక అద్దం తుడిచి, గుడ్డను బకెట్లో జాడించి పిండుతుండగా కిటికీలోంచి రోజూ వచ్చే ప్రశ్నే వచ్చింది.

“చెంగయ్యా, నా చెప్పు దొరికినాదా?”

“ఎతకతానే ఉండానమ్మా.”

“బాగా ఎతుకప్పా. ఒంటి చెప్పుతో నేను ఎట్ల నడిచేది?”

చెంగయ్య కిటికీ వైపు తిరగకుండానే తల ఊపి ముందు అద్దం దగ్గరికి వెళ్లాడు. సీతాలక్ష్మమ్మ ఇక నడవదని చూలైలోని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. వేసవిలో తుంటి ఎముక విరిగి మంచాన పడింది. ఇప్పుడు వానలు కూడా వెనకబట్టాయి. లోపల కడ్డీ వేసి బిగించారు, అతుక్కుంటుందన్నారు. అతుక్కోలేదు సరికదా, ఛాతీలో నెమ్ము కూడా చేరింది. మంచాన్ని వీధి గదిలో కిటికీ పక్కకు మార్పించుకున్నది ఆమే. అక్కడి నుంచి పోర్టికో, బండి, బండిని తుడిచే చెంగయ్య కనిపిస్తారు. చెంగయ్య మాత్రం ఇన్ని నెలల్లో ఆ గది గడప తొక్కలేదు. ఆమెను అలా పడుకోబెట్టింది తన కుడికాలే అని అతని నమ్మకం.

చెంగయ్య గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నిజానికి అదే అతని గొప్ప. ఒక డ్రైవరు గురించి పదిమంది చెప్పుకుంటున్నారంటే ఎక్కడో ఎవరినో గుద్దాడనే అర్థం. పులియంతోపులో గోనెసంచులు కుట్టుకునే ఇంట్లో పుట్టి, కొన్నాళ్లు లారీ క్లీనరుగా తిరిగి, మీసాలు సరిగ్గా రాకముందే ఇనుప సామాన్ల వ్యాపారం చేసే శెట్టిగారి అంబాసిడర్ ఎక్కాడు. ఆ ఇంటివాళ్లను పెళ్లిళ్లకూ పురుళ్లకూ ఆస్పత్రులకూ మోస్తూ మోస్తూ ముసలివాడయ్యాడు. భార్య పోయింది. కూతురు మనలిలో కాపురం చేసుకుంటోంది. సన్నటి మనిషి, ఎండకు మాడిన మెడ, దాని మీద ఎప్పుడూ ఒక తువ్వాలు, స్టీరింగు పట్టుకుని పట్టుకుని కాయలు కాచిన అరచేతులు. సీతాలక్ష్మమ్మ భర్త, చనిపోయిన పెద్ద శెట్టిగారు, అతన్ని ఒకే ఒక్క విషయంలో మెచ్చుకునేవారు. ఎంత ఎత్తు మీదైనా హ్యాండ్ బ్రేకు ముట్టకుండా, క్లచ్‌ను సగం వదిలి పట్టి, బండిని అంగుళం కదలకుండా నిలబెట్టేవాడు. “మావాడు బండిని గాల్లో కూడా నిలబెడతాడు” అని ఆయన వియ్యాలవారి ముందు అన్న రోజున చెంగయ్యకు పొంగిపోవడంతోనే కడుపు నిండి, అన్నం సహించలేదు.

అంబాసిడర్ అమ్మేసి కొత్త బండి కొన్నది కొడుకు శివరామ్. దానికి కార్బురేటరే లేదట, అన్నీ కంప్యూటరే చూసుకుంటుందట. చెంగయ్యకు ఆ బండి అంటే కోపమూ లేదు, ప్రేమా లేదు. ఇంటికి వచ్చిన కొత్త అల్లుడిలాగా దాన్ని మర్యాదగా చూసుకున్నాడు.

ఆ వేసవి రోజున సీతాలక్ష్మమ్మ చెవి డాక్టరు దగ్గరికి బయలుదేరింది. చెంగయ్య అప్పుడే ఊరంతా తిరిగి వచ్చి ఇంజన్ ఆపకుండా ఉంచాడు. ఏటేటా తారు మీద తారు పోయడంతో ఆ వీధి రోడ్డు ఇళ్లకంటే ఎత్తయిపోయింది. పోర్టికో నుంచి గేటు దాకా ఎక్కుడే. బండి ముక్కు పైకి పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక తలుపు తీసి కుడికాలు లోపల పెట్టింది. ఎడమకాలు ఇంకా నేల మీదే ఉంది. బండి ఉన్నట్టుండి రంకె వేసి ముందుకు దూకింది. ఆమె వెల్లకిలా పడిపోయింది.

“నా కాలే తగిలిందయ్యా” అన్నాడు చెంగయ్య, ఎవరూ అడగకముందే. యాక్సిలరేటర్ తొక్కిన గుర్తు అతనికి లేదు. కానీ బండి దానంతట అది దూకదు కదా! సీతాలక్ష్మమ్మేమో “వాడేం చేయలేదు, నా కుచ్చిళ్లే తట్టుకున్నాయి” అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఆ మాట మీదే అతని ఉద్యోగం నిలబడింది. కోడలు వాసంతి మాత్రం పిల్లల్ని అతని బండి ఎక్కనివ్వడం మానేసింది. అది చెంగయ్యకు న్యాయంగానే తోచింది. అప్పటి నుంచి చెప్పులు విప్పేసి ఉత్తకాళ్లతో నడుపుతున్నాడు, పెడల్ తగిలితే తెలియాలని. కూర్చున్న చోటల్లా తన కుడికాలిని చూసుకుంటున్నాడు. పగుళ్లు తేలిన మడమ, పక్కకు ఒరిగిన బొటనవేలు, ఎప్పుడో జాకీ పడి నల్లబడిన గోరు. ఇన్నేళ్లూ చెప్పినట్టు విన్న కాలు. ఇంటి మనిషే దొంగ అని తెలిసినట్టుంది అతనికి.

ఈమధ్య బండి సిగ్నళ్ల దగ్గర ఊరికే హోరెత్తుతోంది. సర్వీసు సెంటరుకు తీసుకుపోతే ఏ లోపమూ లేదన్నారు. పెట్రోలు తాగేస్తోందని విసుక్కుని, పెరంబూరులో ఒక మెకానిక్కు దగ్గర కంప్యూటరు బళ్ల జబ్బులు చదివే స్కానర్ ఉందట, పోయి చూపించుకురమ్మని శివరామ్ నిన్న చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి చెంగయ్య గుండెల్లో ఒకటే గుబులు. ఆ రోజు కూడా బండి ఇలాగే హోరెత్తిందేమో! ఆశపడాలంటే కూడా భయమేసింది.

బకెట్టు పక్కన పెట్టి తాళం తీసుకుంటుండగా కిటికీ మళ్లీ పలికింది.

“పెరంబూరు పోతా ఉండావంట గదా. వచ్చినాక ఏం చెప్పినారో నాకు చెప్పాల. కిటికీ కాడ కాదు, లోపలికి రావాల.” మధ్యలో దగ్గు వచ్చి ఆగింది. “వస్తావు గదా?”

“వస్తానమ్మా” అన్నాడు చెంగయ్య.

మెకానిక్కు విజయకుమార్ షెడ్డు రైల్వే గోడను ఆనుకుని ఉంది. తండ్రి రైలుపెట్టెల కార్ఖానాలో చేసి రిటైరయ్యాడు. కొడుకు రెండు రేకులు వేసుకుని ఇక్కడ కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, మోచేతుల దాకా నలుపు, చెవి మీద పెన్సిలు. స్కానర్ అంటే ఏ ఆస్పత్రి యంత్రమంతో ఉంటుందనుకున్నాడు చెంగయ్య. తీరా చూస్తే ఇటుకంత ఉంది, దానికొక లావుపాటి తీగ.

“ఈ బండికి కనెక్షను ఈ సీటు కింద ఉంటుందన్నా” అంటూ విజయకుమార్ ముందు ఎడమ సీటును వెనక్కి ఒరగదోసి, నట్లు విప్పి, మొత్తంగా పైకి లేపాడు. లేపి నవ్వాడు. “ఏందన్నా, ఈడ ఒక చెప్పు దాచిపెట్టినావు?”

సీటు స్ప్రింగుల్లో ఇరుక్కుని ఉంది. గోధుమరంగు తోలు చెప్పు, బొటనవేలి పట్టీ దగ్గర దారంతో కుట్టిన కుట్టు. కుడికాలిది. రోజూ చీపురు పెట్టి ఊడ్చినా అంత లోపలికి చీపురు పోలేదు. దూకిన ఊపుకి ఆమె కాలు బయటికీ, చెప్పు లోపలికీ జారిపోయాయన్నమాట. చెంగయ్య దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇంజన్ స్టార్ట్ చేస్తే పిల్లిలా గురగురమంది. తెరమీద నిమిషానికి ఎనిమిది వందల యాభై చుట్లు. “చల్లగా ఉన్నప్పుడు చూసి బాగుందని పంపించేసుంటారు” అన్నాడు విజయకుమార్. “ఇరు ఇరు, ఉండు, కాగనీ.”

కాగింది. ఏసీ వేశారు. టీ వచ్చింది, తాగారు. ఒక రైలు గోడ అవతల నుంచి పోయింది. ఆ చప్పుడు తగ్గేసరికి బండి చప్పుడు పెరిగి ఉంది. తెరమీద అంకె కదిలి కదిలి పందొమ్మిది వందల దగ్గర నిలబడింది.

“కాలు తియ్యన్నా.”

“తీసే ఉండాను.”

“రెండు కాళ్లూ పైకి పెట్టుకో, సందేహం వద్దు.”

చెంగయ్య స్టీరింగు కింద ఎలాగో ఇరుక్కుని సీటు మీద మఠం వేసుకుని కూర్చున్నాడు, భోజనానికి కూర్చున్నట్టు. కింద పెడళ్ల మీద ఎవరి కాలూ లేదు. బండి హోరుమంటూనే ఉంది.

విజయకుమార్ స్కానర్‌ను అతని ముందుకు జరిపి వేలు పెట్టి చూపించాడు. “ఇదో, ఈ సున్నా యాక్సిలరేటర్. అంటే నీ కాలు. ఈ రెండో సున్నా, బండి ఊరికే నిలబడినప్పుడు కంప్యూటరు వదిలే గాలి. పాపం అది కూడా మూసేసుకునే కూర్చుంది. రెండు దార్లూ మూసినాక గాలి ఏడ నుంచి వస్తా ఉంది? మూడో దారి ఏదో ఉండాది.”

చిన్నప్పుడు బళ్లో పంతులు చెంగయ్యకు చాలా సున్నాలు వేశాడు. ఏ సున్నా వైపూ అతను ఇంతసేపు చూడలేదు. చూస్తూ చూస్తూ ఉండగా కళ్లల్లో నీళ్లు తిరిగి ఆ సున్నా అలుక్కుపోయింది.

మూడో దారి తొందరగానే దొరికింది. విజయకుమార్ ఒక్కొక్క రబ్బరు గొట్టాన్నీ పట్టకారుతో నొక్కుతూ పోయాడు. ఇంజన్ వెనక, చేయి దూరని సందులో ఉన్న గొట్టాన్ని నొక్కగానే హోరు ఠక్కున దిగింది. వదిలితే మళ్లీ లేచింది. విప్పి తీస్తే కొసన చీలిక, వెంట్రుకంత. చల్లగా ఉంటే మూసుకుంటుంది, కాగితే తెరుచుకుంటుంది. “ఇదేన్నా నీ దెయ్యం” అన్నాడు విజయకుమార్.

“ఎండాకాలంలో కూడా ఇదే అయ్యుంటుందా?”

“ఆమా, అవునన్నా, రబ్బరు ఒక్క రోజులో ఇట్ల పోదు గదా. అప్పుడు చిన్నగా ఉండుంటుంది, అప్పుడప్పుడు మాత్రం తెరుచుకునుంటుంది.”

కొత్తది బిగించాక పాత గొట్టాన్ని అడిగి తీసుకున్నాడు చెంగయ్య. చెప్పు, గొట్టం రెండూ పక్క సీటు మీద పెట్టుకుని బయలుదేరాడు. మధ్యాహ్నపు ఎండ మంచిదిగా కనిపించింది. సిగ్నల్ దగ్గర బండి నోరు మూసుకుని బుద్ధిగా నిలబడింది. ఆమెకు ఏం చెప్పాలో దారిపొడుగునా చెప్పుకుంటూ వచ్చాడు. నా కాలు కాదమ్మా, మిషన్లోనే పడినాది, సున్నా అని. ఆమె నవ్వుతుంది. కుచ్చిళ్లు కూడా కాదు గదా అని వెక్కిరిస్తుంది. చెప్పు చూపిస్తే ఇంకా నవ్వుతుంది. బొటనవేలిని యాక్సిలరేటర్ మీద ఆనించి, చాలా నెలల తర్వాత ఆ కాలిని ప్రేమగా చూసుకున్నాడు.

ఓట్టేరి కాలువ మీది వంతెన ఎక్కుతుంటే ముందు ఒక ఎద్దుబండి ఆగిపోయింది. వెనక లారీ. ఎక్కుడు మీద చెంగయ్య బండి ఆపాడు. హ్యాండ్ బ్రేకు ముట్టలేదు. ఎడమకాలు తనంతట తానే క్లచ్‌ను సగం వదిలి పట్టింది. బండి గాల్లో నిలబడ్డట్టు నిలబడింది, పెద్ద శెట్టిగారు చెప్పినట్టే.

చెంగయ్య ఆ కాలి వైపు చూశాడు.

పోర్టికోలో ఆ రోజు కూడా బండిని ఇలాగే పట్టి ఉంచాడు. హ్యాండ్ బ్రేకు లాగి, గేరు తీసి ఉంటే ఇంజన్ ఎంత రంకెలు వేసినా బండి కదిలేది కాదు. ఊరికే అరిచి ఊరుకునేది. ఆమె కూర్చునేది, తలుపు వేసుకునేది, “ఏందప్పా ఈ గోల” అనేది. అంబాసిడర్ హ్యాండ్ బ్రేకు పట్టదు కాబట్టి నేర్చుకున్న విద్య అది. కొత్త బండికి బ్రేకు బాగానే పడుతుంది. అయినా ముట్టలేదు, మెప్పు పోతుందని. స్కానర్ అడిగింది కుడికాలి సంగతి. ఎడమకాలి సంగతి దాన్ని ఎవరూ అడగలేదు, అడిగినా దానికి తెలియదు.

ఎద్దుబండి కదిలింది. వెనక లారీవాడు హారన్ కొడుతున్నాడు. చెంగయ్య చూలై దాకా చాలా మెల్లగా నడిపాడు. ఉన్నదంతా ఆమెకు చెప్పేయాలి. తిడితే తిట్టనీ. గొట్టం చూపించి సగమే చెప్పి ఊరుకుంటే ఇక జన్మలో ఆమె మొహం చూడలేడు.

గేటు బయట చెప్పులు ఉన్నాయి. చాలా చెప్పులు. వీధిలోవాళ్లవి, కొట్టులో గుమాస్తాలవి, ఒకదాని మీద ఒకటి. చెంగయ్య బండిని వాలు మీద ఆపి, హ్యాండ్ బ్రేకును చివరిదాకా లాగి, లాగిన చేతిని కాసేపటికి తీసి, గొట్టాన్నీ తువ్వాలులో చుట్టిన చెప్పునూ పట్టుకుని దిగాడు.

సీతాలక్ష్మమ్మకు తోడుండే పొన్నుతాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎదురొచ్చింది.

“మజ్జిగన్నం రెండు ముద్దలు తినింది అన్నా. చెంగయ్య వచ్చినాడా అనింది. రాలేదంటిని. సరి, వచ్చినాక లేపు అని చెప్పి పడుకునింది. అంతే.”

హాల్లో ఆమెను చాప మీద పడుకోబెట్టారు. ఒళ్లంతా ఇంత చిన్నదైపోయిందని చెంగయ్యకు కిటికీలోంచి ఎప్పుడూ తెలియలేదు. కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి కట్టారు. శివరామ్ చెంగయ్య చేతిలోని గొట్టం చూసి దగ్గరికి వచ్చాడు.

“ఇదా పోయింది?”

“ఇదేనయ్యా. ఇంజన్ దానంతట అదే లేస్తా ఉన్నిందంట.”

శివరామ్ అతని భుజం మీద చేయి వేశాడు. ఆ ఇంట్లో ఒక యజమాని చేయి అతని భుజం మీద పడటం అదే మొదలు. “అమ్మ అప్పటి నుంచీ చెప్తానే ఉన్నింది, నీ తప్పు లేదని. ఇంక మనసులో పెట్టుకోబాక చెంగయ్యా.”

“అది కాదయ్యా, ఆ పొద్దు నేను హ్యాండ్ బ్రేకు...”

“ఇప్పుడవన్నీ ఎందుకప్పా. ఏడవబాక” అంటూ శివరామ్ ఫోను మోగితే లోపలికి వెళ్లిపోయాడు. వాసంతి ఎర్రబడ్డ కళ్లతో వచ్చింది. “బడి విడిచే వేళయింది. పిల్లల్ని నువ్వే పొయ్యి తీసుకోనిరా చెంగయ్యా” అంది.

చెంగయ్య తల ఊపాడు. తప్పు లేదని కొడుకు అన్నాడు, కోడలు నమ్మింది, యంత్రం కూడా చెప్పింది. కాదనగలిగిన మనిషి ఒక్కతే ఉండేది. ఆమెకు చెప్పుకుని ఉంటే ఆమె తిట్టి, దగ్గి, క్షమించి ఉండేది. ఈ క్షమించడాలన్నీ అతనికి వేరెవరి చొక్కానో తొడిగినట్టున్నాయి.

బయటికి పోతూ వీధి గది ముందు ఆగాడు. లోపలికి రావాల అని పొద్దున ఆమె అన్నది. వచ్చాడు. మంచం ఖాళీగా ఉంది, తలగడ మీద గుంట ఇంకా పోలేదు. కిటికీలోంచి పోర్టికో కనిపించింది. తను రోజూ నిలబడే చోటు, బోర్లించిన బకెట్టు, ఆరవేసిన గుడ్డ. ఇంత దగ్గరా అనుకున్నాడు. వంగి, తువ్వాలు విప్పాడు.

మంచం కింద ఆమె ఎడమకాలి చెప్పు, రోజూ తుడిపించుకున్న మెరుపుతో, పక్కన ఇంకొకటి పట్టేంత చోటు వదిలిపెట్టి ఉంది.