అనుకోవడం వేరు

మా ఆయన క్లేటన్ చొక్కా కాలరు తిరగేసి ఇస్త్రీ చేస్తున్నాను. సైనిక అకాడమీలో నాలుగేళ్లూ తన బట్టలు తనే మడత నలగకుండా చేసుకున్న మనిషి, పెళ్లయిన వారానికే ఆ విద్య మరిచిపోయాడు. ఫిరంగి దళంలో ఇద్దరం కెప్టెన్లమే. అయినా "మా ఇంట్లో యూనిఫామ్ ఎప్పుడూ ఆడదాని చేతిమీదే నడిచిందమ్మా" అంటుంది మా అత్తగారు లొరెట్టా, సార్జెంటుగారి భార్యగా ఊరూరా తిరిగినావిడ.

ఈ ఏడు సైన్యం నన్ను లా చదివిస్తానంది. చదివించి, సైనిక న్యాయవాదిని చేస్తుందట. ఆరేళ్ల సర్వీసు దాటితే ఆ అవకాశం ఉండదు, నాకిది ఆరో ఏడు. అదే వారం క్లేటన్‌కి జర్మనీ బదిలీ వచ్చింది. "ఆలోచిద్దాంలే" అన్నాడు. అంట్లు తోముతూ, పాపకి పాలు పడుతూ నేను ఆలోచిస్తూనే ఉన్నాను. వదులుకోవాలనుకుంటే చాలు, ఏడుపొస్తోంది.

ఇవాళ మధ్యాహ్నం బేస్ దుకాణంలో కర్నల్‌గారి భార్య కనిపించి, "కొరీన్, లా సీటు వదులుకుని జర్మనీ వెళ్తున్నావటగా. క్లేటన్ మావారితో చెప్పాడట. మంచిపని చేశావమ్మా" అంది. ఏం చెప్పాలో తెలియక నవ్వాను. దారంతా ఆ నవ్వు తలుచుకుని నామీద నాకే ఒళ్లు మండింది.

అకాడమీలో అబద్ధమాడితే ఇంటికి పంపేస్తారు. ఒకసారి హాజరు వేళ, గదిలో తోడున్నవాడు మంచం మీదే ఉన్నాడనుకుని "ఉన్నాడు" అనేశాడు క్లేటన్. వాడు లేడు. విచారణలో తోటి కేడెట్ల ముందు క్లేటన్ తరఫున నిలబడింది నేను. అబద్ధం వేరు, అనుకోవడం వేరు అని గొంతు పోయేదాకా చెప్పాను. బయటపడ్డాక కళ్లు తుడుచుకుంటూ, "నువ్వు లాయరువి కావాలే" అన్నాడు. ఆ మాటకే పడిపోయాను.

ఇప్పుడు అత్తగారు వేయించిన బెండకాయ ముక్కలు నములుతూ వచ్చాడు. "చొక్కా అయిందా?"

"నేను సీటు వదులుకుంటున్నానని కర్నల్‌గారికి చెప్పావా?"

నమలడం ఆగింది. "వస్తావనుకున్నానే."

"అడిగావా?"

"లేదు."

అత్తగారు టీవీ గొంతు తగ్గించింది.

"అబద్ధమాడావని అననులే. అప్పుడూ అనలేదు," అన్నాను. "రేపెళ్లి, ‘అనుకుని చెప్పాను సార్, కొరీన్ లా చదవడానికి వెళ్తోంది’ అని చెప్పు."

నా చేతిలోంచి ఇస్త్రీపెట్టె తీసుకుని, చొక్కాకి మిగిలిన చెయ్యి బల్లమీద పరిచాడు. మడత ఏం మరిచిపోలేదు, దొంగ. ముద్దొచ్చాడు.

"మరి పాప?" అన్నాడు తలెత్తకుండా.

"నా దగ్గరే ఉంటుంది. అత్తయ్యగారు నాతో వస్తారు."

"నన్నడిగావా?" అంది లొరెట్టా కుర్చీలోంచి.

సిగ్గుతో నా ముఖం వేడెక్కింది. వెళ్లి ఆవిడ ముందు కూర్చున్నాను. "వస్తారా, అత్తయ్యా?"

ఆవిడ టీవీ కట్టేసింది. "మీ మామగారు ఎన్ని ఊళ్లు తిప్పారో. వస్తావా అని నన్నడిగింది నువ్వొక్కదానివే. వస్తాను."