నాణెం మీది కొప్పు

గడియారాలు బాగుచేసే ఆయనకు రోమన్ కంచు నాణేల పిచ్చి. మట్టి పట్టినవి తెప్పించుకుని, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో వారాల తరబడి నానబెట్టి, వెదురు పుల్లతో ఓపిగ్గా గీకి, ఎవరి కాలానివో పుస్తకంలో పోల్చుకునేవాడు. అలా ఇరవైదాకా తేల్చాడు. తేలనివాటిలో ఒక్కటి మాత్రం నాలుగు నెలలుగా ముప్పుతిప్పలు పెడుతోంది. అరిగిన ముఖం, అంచున మిగిలినవి ఏ, వి, జి అన్న మూడక్షరాలు. అది చక్రవర్తుల బిరుదులో మొదటి ముక్క. వాళ్ళ పేజీలన్నీ రెండుసార్లు తిరగేశాడు. ఒక్క ముఖమూ కలవలేదు.

వీధి చివర ఆడవాళ్ళ సెలూన్ నడిపే ఆయన అక్క, సెలవు కదా అని ఒక సోమవారం తన గోడగడియారం కోసం వచ్చింది. తమ్ముడు కంటికి భూతద్దం అతికించుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. ఒళ్ళుమండి ఆ నాణెం లాక్కుంది. వెలుతురుకేసి వంచి చూసింది.

“ఎవరనుకుంటున్నావురా?”

“ఎవరో చక్రవర్తి అక్కా.”

“నీ మొహం. వెనకాల కొప్పు కనపడటం లేదూ? జుట్టు అలలు తీసి, వెనక్కి లాగి చుట్టారు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని, నాకు తెలీదా?”

ఆయన పుస్తకం ముందుకు లాక్కున్నాడు. ఆ బిరుదు రాణులకూ ఉండేది. తేడా చూపించే చివరి అక్షరాలే అరిగిపోయాయి. గబగబా రాణుల పేజీలు తీస్తే, ఫాస్టినా అన్న పేరుతోనే ఇద్దరు కనిపించారు. తల్లీ కూతుళ్ళు. ఇద్దరివీ ఒకే పోలికలు. ఆయన మళ్ళీ డీలాపడ్డాడు.

అక్క రెండు బొమ్మలూ తేరిపార చూసింది. తల్లి జడలల్లి నడినెత్తిన చుట్టించుకుందనీ, కూతురి కొప్పు మెడ దగ్గరుందనీ, కాబట్టి ఇది కూతురేననీ తేల్చేసింది. తల్లిలా ముస్తాబవ్వాలంటే రెండు గంటలైనా కూర్చోవాలట, ఈ కాలపు పిల్లలకు అంత ఓపిక ఎక్కడిదట.

ఆయన చిన్న కవరు మీద “ఫాస్టినా, కూతురు” అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. మధ్యాహ్నం భోజనం సంగతే మరిచిపోయాడు.

మరుసటి సోమవారం అక్క కళ్ళజోడు తుడుచుకుంటూ మళ్ళీ వచ్చింది. బాగుచేయాల్సిన గడియారం ఏదీ లేదు. కుర్చీ లాక్కుని, ఇంకేమైనా తేలనివి ఉన్నాయా అని అడిగింది. ఆయన అయిదు బయటపెట్టాడు. నాణెం మీద గడ్డం ఉన్న ఒకాయన బొమ్మ దగ్గర ఇద్దరికీ వాదన మొదలైంది, దుకాణం ముందు జనం నిలబడ్డా తెగలేదు.