మిగులు రంగు

వంతెనకు ఈవల మా ఇల్లు. ఆవల నేను పనిచేసే, నూలుకు రంగులు వేసే షెడ్డు. ఒకప్పుడు దేశాన్ని ఏలిన నాయకుడొకాయన ఆవలి జిల్లావాడు. ఏటా ఆయన పోయిన రోజున అక్కడ సెలవు, మా వైపు కాదు. షెడ్డులో చేరి నాకింకా ఏడాది తిరగలేదు. సెలవని ఎవరూ చెప్పలేదు. నేను అడిగే రకం కాదు.

సాయంత్రం నూలు తీసేశాక ఇనుప తొట్టిలో మిగిలిన రంగునీళ్ళు పనివాళ్ళవి. ఇంటి బట్టలేవైనా అందులో వేసి, పొద్దున రాగానే తీసుకుంటాం. ఆ సెలవుకు ముందురోజు ఎరుపు మిగిలితే మా ఆవిడ శాలువా వేశాను. అది వాళ్ళమ్మది. ఎరుపు వెలిసిపోయినా ఇన్నేళ్ళూ ఎవరినీ ముట్టనివ్వలేదు. ఇచ్చేటప్పుడు ఒకటే మాట అంది.

"ఇది పాడైతే నాకు ఇంకోటి లేదు. చూసుకో."

పొద్దున వెళ్ళేసరికి షెడ్డుకు తాళం. వీధిలో ఒక్క తలుపూ తెరిచి లేదు. ఇనుములో ఎక్కువసేపు నానితే ఎరుపు నల్లబడుతుంది, ఉన్ని చివికిపోతుంది. తలుపు సందులోంచి చూశాను. తొట్టి కనబడింది గానీ లోపలిది కనబడలేదు. గొళ్ళెం లాగాను. వెనక్కి వెళ్ళి కిటికీ ఊచలు ఊపాను. మళ్ళీ ముందుకొచ్చాను. కాలు ఒకచోట నిలవలేదు.

ఎదురింటి మెట్లమీద కూర్చున్న ముసలావిడ, ఇవాళ సెలవనీ షెడ్డు మేస్త్రీ కూడలిలో ఆ నాయకుడి విగ్రహం దగ్గర ఉంటాడనీ చెప్పింది. నేను తిరుగుతుంటే తనకు కళ్ళు తిరుగుతున్నాయని కూడా అంది.

కూడలిలో ఇసకేస్తే రాలనంత జనం. మేస్త్రీ ముందు వరసలో ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డాడు. తాళాలగుత్తి నడుముకే ఉంది. తోసుకుంటూ సగందాకా వెళ్ళాను. అప్పుడే మైకులో మౌనం పాటించమన్నారు. అందరూ తలలు వంచారు. ఇక ఎవరూ కదలరు, దారివ్వరు.

మౌనం నాకు కొత్తేమీ కాదు, ఇంట్లో రోజూ పాటించేదే. ఆ పూట మాత్రం నావల్ల కాలేదు. తొట్టిలో శాలువా నల్లబడడం కళ్ళకు కట్టింది.

"మేస్త్రీ, తాళాలు" అన్నాను.

గట్టిగానే వచ్చింది. వంచిన తలలన్నీ లేచాయి. మేస్త్రీ వెనక్కి తిరగలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. గుత్తి తీసి వెనకవాడి చేతిలో పెట్టాడు. అది చేతులు మారుతూ, ఆ నిశ్శబ్దంలో గలగలమంటూ నా దాకా వచ్చింది.

షెడ్డు తెరిచి శాలువా తీసి పిండాను. రంగు బాగానే ఎక్కింది. తొట్టి అడుగున అంటుకున్న అంచు మాత్రం నల్లబడింది. గుత్తి తిరిగి ఇస్తే మేస్త్రీ నన్ను కిందా మీదా చూశాడు.

"ఏడాదిలో నువ్వు మాట్లాడింది ఆ రెండు ముక్కలే. అదీ అప్పుడే గుర్తొచ్చిందటయ్యా నీకు?"

ఇంట్లో మా ఆవిడ శాలువాను వెలుతురుకు పట్టి చూసింది. అంచు దగ్గర చెయ్యి ఆగింది. జరిగింది చెప్పాను.

"అంతమందిలో నువ్వు నోరు విప్పావా?"

"విప్పాను."

ఒకసారి నావైపు చూసింది. తర్వాత నల్ల అంచును లోపలికి మడిచి, భుజాల చుట్టూ కప్పుకుంది. ఇంకా తడి ఆరలేదన్నాను.

ఉండనీ అంది.