ఒక్క మునక

నీళ్ళమ్మ తెల్లారకముందే వేడినీటి ఊట పక్కనున్న రాతితొట్టిని పీచుతో తోమి నింపేది. వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే మెడదాకా కూర్చోబెట్టేది. నానినకొద్దీ వాళ్ళ నొప్పులు నీళ్ళలోకి దిగేవి. వాళ్ళు లేవగానే బిరడా లాగి నీళ్ళన్నీ వదిలేసేది. లేకపోతే, తర్వాత మునిగినవాళ్ళకి ఆ నొప్పులు పట్టుకుంటాయి మరి. ఒకసారి మరిచిపోతే దర్జీ భార్య పురిటినొప్పులు పోస్ట్‌మాన్‌కి పట్టుకున్నాయి. పాపం, వీధంతా వినబడేలా అరిచాడు.

చావు జరిగిన ఇంటివాళ్ళని మాత్రం ఎంత బతిమాలినా దిగనిచ్చేది కాదు. "ఏడుపు జిడ్డులాంటిది నాయనా. నీళ్ళు వదిలినా తొట్టిని వదలదు" అనేది.

తర్వాత ఆరోగ్య యాత్రల బస్సులు రావడం మొదలైంది. కొత్త మేనేజరు బిరడాకి సిమెంటు పూయించాడు.

"మనిషికో తొట్టెడు నీళ్ళా? ఊరికే వస్తున్నాయా?"

"ఊరికేగా వస్తున్నాయి బాబూ!"

మేనేజరు నవ్వలేదు. తొట్టి నిండేదాకా బస్సు ఆగదన్నాడు. నీళ్ళు మార్చే బదులు నీళ్ళమ్మ కొడుకుని పనిలో పెట్టుకున్నాడు. ఒక అతిథి లేవగానే అతను ఒక్క మునక వేసి, ఆ నొప్పి ఎత్తుకుని లేవాలి. నానడానికి వీల్లేదు, నీళ్ళు పాడవుతాయి. ఏడాది తిరిగేసరికి అతని నడుము రెండుగా వంగిపోయింది. చెంబెత్తాలన్నా భార్య సాయం కావాల్సొచ్చింది.

ఒక సాయంత్రం బస్సులు వెళ్ళాక తల్లి అతన్ని తొట్లో కూర్చోబెట్టింది.

"రేపు ఎవరికైనా పట్టుకుంటాయే అమ్మా!"

"ఎవరికీ పట్టుకోవులే. నాను."

అతను నిటారుగా లేచాడు. తువ్వాలు కోసం అటు తిరిగేలోగా ఆవిడ ఒక్క మునక వేసింది. ఏడాది నొప్పి ఒక్కసారి మీద పడితే ముసలి ప్రాణం ఎంతకని తట్టుకుంటుంది? మళ్ళీ లేవలేదు.

శవాన్ని రెండు చేతుల మీద మోసుకొస్తున్న కొడుకుని మేనేజరు ఎగాదిగా చూశాడు. "నడుం బాగైనట్టుందే! ఎల్లుండి వచ్చెయ్."

వచ్చాడు. బస్సులకంటే ముందే వచ్చి, అమ్మ వద్దనేదని తెలిసే, మెడదాకా దిగి కూర్చున్నాడు.

ఆ రోజు తొట్లోంచి లేచిన ప్రతి అతిథీ బల్ల మీద కూలబడి "అమ్మా" అని ఏడ్చాడు. మర్నాడూ అంతే. మేనేజరే గునపం పట్టి సిమెంటు పగలగొట్టాడు, నీళ్ళు వదిలాడు, తోమించాడు. ఏడుపు పోలేదు. బస్సులు రావడం మానేశాయి.

కొడుక్కి ఇప్పుడు ఏ బాధా లేదు. ఆకలేస్తుంది, నిద్ర పడుతుంది. ఒకరోజు గోడకున్న పాత పీచు తీశాడు.

"అది అత్తయ్యదండీ" అంది భార్య, దాన్ని అందుకోబోతూ.

"అవును" అన్నాడు. ఇంకా పనికొస్తుందేమోనని నలిపి చూసి, చెత్తలో పడేశాడు.